ఏరువాక, మృగశిర, నల్లరేగడి

జ్యేష్ఠ పౌర్ణమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, నాగలికి పూజచేసి అరక కట్టడం ఏరువాక ఆచారం. సత్తెనపల్లి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో కమ్మ, రెడ్డి, కాపు ఎవరి సేద్యమైనా తంతు ఇదే. ఇప్పుడు ఎడ్లు తగ్గి, ఆ పసుపు కుంకుమ ట్రాక్టరుకూ అందుతోంది. దక్షిణాది కులాలపై 1909లో ఏడు సంపుటాలు వెలువరించిన ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. కులం హద్దు దాటిన సేద్యపు ఆచారానికి ఆ కొలతలు దారి చూపవు. దానికి ఆకాశం చూడాలి.

ఏరువాక చంద్రుడి లెక్క కనుక ఏటా తేదీ ముందువెనుకలవుతుంది. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు 27 నక్షత్రాలను ఏడాదిలో దాటుతాడు, ఒక్కోదానిలో 13 రోజుల పైచిలుకు ఉంటాడు; ఆ గడువే ఒక కార్తె. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. నైరుతి ఋతుపవనాలు మన కోస్తాకు చేరే అదను కూడా సుమారుగా అదే.

అయితే ఈ పొందిక శాశ్వతం కాదు. భూమి అక్షం దాదాపు 26,000 ఏళ్లకొక చుట్టు తిరుగుతుంది. అందువల్ల నక్షత్రాల లెక్కన ఏడాది, ఋతువుల ఏడాది కన్నా సుమారు 20 నిమిషాలు ఎక్కువ. దాంతో కార్తె 72 ఏళ్లకు ఒక రోజు వెనక్కి జరుగుతుంది. నన్నయ కాలం నుంచి ఇప్పటికి రెండు వారాలు. అంటే ఆనాటి మృగశిర, నేడు రోహిణి ఎండలు మొదలయ్యే రోజులకే వచ్చేది! కాబట్టి తొలకరిని మృగశిరతో ముడిపెట్టే మాటలు అనాదివని నమ్మడం కష్టం. వానను కళ్లారా చూసిన రైతులే తరతరాలుగా వాటిని సవరించుకుంటూ వచ్చి ఉండాలి.

కార్తె వచ్చినా మట్టి ఒప్పుకోవాలి. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. చిన్న జల్లుకు పైపొర మాత్రమే తడిస్తే పత్తి మొలకెత్తి మాడిపోతుంది. అందుకే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, పదును లోతుకు దిగాకే విత్తమని శాస్త్రవేత్తలు చెబుతారు.

మిరప సంగతి వేరు. అది నారు పోసి నాటే పైరు. 1967లో నాగార్జునసాగర్ నీటి విడుదల మొదలయ్యాక, కుడి కాలువ కింది మిరప రైతు కార్తె కన్నా కాలువకు నీళ్లు వదిలే కబురు కోసమే ఎక్కువ ఎదురుచూస్తాడు.