ఎఱ్ఱమంజిలు: లోపించిన సూత్రము, నిలిచిన కార్యము

హైదరాబాదునందు ఖైరతాబాదునుండి పంజగుట్టకుఁ బోవు మార్గమున నొక మిట్టపై ఎఱ్ఱమంజిలను ప్రాతభవనము గలదు. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువున నున్నతపదవుల నలంకరించిన ఫఖ్రుల్ముల్కు నవాబు దానిఁ గట్టించెను. దాని నామము వైయాకరణులకు వినోదము గొల్పునట్టిది. ఆ మిట్టకుఁ దెలుఁగువా రిడిన పేరు ఎఱ్ఱగడ్డ. పారసీకమున స్వర్గతుల్యమగు నొక యుద్యానమును 'ఇరం' అందురు. నవాబు తన భవనమునకు 'ఇరం మంజిల్' అని పేరిడి, గోడలకు నెఱ్ఱరంగు వేయించి, కొలువువారు పారసీకముగను, పేటవారు తెలుఁగుగను బిలుచుకొనుటకు వీలు కల్పించెనని చెప్పుదురు. ఒకచో సాధురేఫము, వేఱొకచో శకటరేఫము. అర్థముల కెట్టి సంబంధమును లేదు. లక్షణము ననుసరించిన నీ ఎఱ్ఱమంజిలు వైరిసమాసముల కోవలోనిదే. అయినను జనుల నోట నిలిచిన పేరిది. ఆ చెంతనున్న నేఁటి మెట్రోరైలు నిలయమునకును నదియే నామము.

ఈ భవనమును గూల్చి యాచోట నూతన శాసనసభామందిరమును నిర్మింపవలయునని 2019 జూన్ 18వ తేదిని తెలంగాణ మంత్రివర్గము నిశ్చయించెను. అదే నెల 27వ తేదిని శంకుస్థాపనయు జరిగెను. అప్పుడు, నగరమునందలి చారిత్రకకట్టడముల సంరక్షణకై చిరకాలముగాఁ గృషి చేయుచున్న ఇంటాక్ సంస్థ హైదరాబాదు శాఖవారును, వాస్తువిద్యార్థులును, నవాబుగారి వంశీయులును, ఇతరపౌరులును బ్రతిఘటించిరి. కొందఱు భవనముకడ గుమిగూడిరి. కొందఱు పత్రికలకు వ్రాసిరి. కొందఱు ఉన్నతన్యాయస్థానమునఁ బ్రజాహితవ్యాజ్యములు వేసిరి. మొదటి రెండింటివలన విషయము లోకమునకుఁ దెలిసెను. భవనమును నిలుపఁగలిగినది మూఁడవదియే. ఆ వ్యాజ్యమందలి వాదము శబ్దశాస్త్రము నెఱిఁగినవారికి మిగులఁ బరిచితమైన యొక చిక్కును ముందిడినది.

నగరాభివృద్ధి సంస్థవారి 1981వ సంవత్సరపు నిబంధనలలోఁ బదుమూఁడవది యొకటి కలదు. దాని ననుసరించి 1995లో నగరమునందలి వారసత్వకట్టడముల పట్టిక ప్రకటింపఁబడెను. పట్టికలోఁ జేరిన కట్టడమును ముందుగా ననుమతి పొందనిదే కూల్చుటకుఁ గాని మార్చుటకుఁ గాని వీలులేదు. కోటలకును దేవాలయములకును బురావస్తుశాఖ రక్షణము పూర్వమునుండియుఁ గలదు; నవాబుల దేవిడీలు, కచేరీలు, ఆసుపత్రులు మొదలగువానికి నట్టిది లేకుండెను. ఆ కొఱఁత నీ పట్టిక తీర్చినది. ఎఱ్ఱమంజిలు పేరు నందుఁ జేరియుండెను. వీథివీథియుఁ దిరిగి, కట్టడములఁ గొలిచి, వాని చరిత్రను వ్రాసియుంచిన చరిత్రప్రియుల పరిశ్రమ లేకున్న నిట్టి పట్టికలు పుట్టవు.

వారసత్వమను పదమును గూర్చి యొకమాట. వారసుఁడను శబ్దము అరబ్బీనుండి వచ్చినది. దానిపై సంస్కృతపు త్వప్రత్యయమును జేర్చుట సాధువు గాదని పండితులు తలఁపవచ్చును. దాయమనియో రిక్థమనియో యనరాదా? కాని దాయమన నన్నదమ్ములు పంచుకొనునది. రిక్థమన మృతుఁడు విడిచిపోయిన ధనము. పంచుకొనరానిదియు, ఒకని సొమ్ము కానిదియు నగు కట్టడమునకు నీ మిశ్రశబ్దమే యొప్పుచున్నది.

2015 డిసెంబరులోఁ బదుమూఁడవ నిబంధనము తొలఁగింపఁబడెను. 2017లో వారసత్వరక్షణకై తెలంగాణమునఁ బ్రత్యేకముగా నొక చట్టము వచ్చినది. దాని క్రింద రక్షితములైనవానిలో ఎఱ్ఱమంజిలు లేదు. కావున ప్రభుత్వపక్షము వాదించిన దేమనఁగా: నిబంధనమే పోయినపుడు దానివలన వచ్చిన పట్టికయుఁ బోయినది, పట్టిక పోయినపుడు ఎఱ్ఱమంజిలు తక్కిన ప్రాతయిండ్లవంటిదే. వినువారి కిది నిరాక్షేపముగాఁ దోఁచును. కారణము లేనిచోఁ గార్యమెట్లుండును?

పాణిని యీ ప్రశ్నను దన శాస్త్రమున నెన్నఁడో యెదుర్కొనెను. ప్రత్యయము లోపించినను దాని నిమిత్తముగా జరుగవలసిన కార్యము జరుగునని యతని మతము. అగ్నిచిత్తు మొదలగు శబ్దములలో క్విప్ప్రత్యయము సర్వమును మాయమగును. అయినను దానివలన వచ్చిన తకారము నిలిచియే యున్నది. ఇంతటితో నాగిన ఎఱ్ఱమంజిలువారి పక్షము నిశ్శంకముగా గెలిచినట్లే. కాని పాణిని వెంటనే యొక నిషేధమును జెప్పెను. లుక్కు మొదలగు పేళ్లతో విధించిన లోపమునందు అంగకార్యము నిలువదు. గార్గ్యుఁడని యేకవచనమున వృద్ధి యున్నది. బహువచనమున యఞ్ప్రత్యయము లుక్కుచేఁ బోఁగా గర్గులని వృద్ధియుఁ బోవుచున్నది. కాఁబట్టి లోపము కలిగెనా లేదా యనుట కాదు విచార్యము. 2015 నాఁటి లోపము ఏ జాతిదనుటయే.

2019 సెప్టెంబరు 16వ తేదిని బ్రధానన్యాయమూర్తితోఁ గూడిన ధర్మాసనము తీర్పు చెప్పినది. నిబంధనము తొలఁగినను, నగరప్రణాళికలో నీ భవనమునకు నదివఱకే యేర్పడియున్న ప్రత్యేకస్థితి దానితోడనే తొలఁగిపోలేదనియు, తగిన యనుమతి లేక కూల్చివేతకుఁ బూనుకొనుట చెల్లదనియు దాని తాత్పర్యము. మంత్రివర్గ నిర్ణయము కొట్టివేయఁబడెను. అగ్నిచిత్తులోని తకారమువలెఁ గార్యము నిలిచినది.

సంరక్షకులు కోరినదెల్ల న్యాయ్యమని చెప్పుటకు వీలులేదు. మూసీతీరమున ఏడవ నిజాము కాలమున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆసుపత్రి సంగతి చూచినఁ జాలును. 2020 జూలై వానలకు నా వైద్యశాలలోనికి నీరు ప్రవేశించినది. రోగులు మంచములపై నుండఁగానే క్రింద నీరు నిలిచినది. అట్టిచో గోపురముల సౌందర్యమును గూర్చి పలుకువారిపై రోగుల బంధువులకుఁ గినుక గలుగుట సహజము. అయినను మరమ్మతు చేసినఁ గట్టడము నిలుచునని సంరక్షకులు చెప్పుచునే వచ్చిరి. తుదకు 2025 జనవరిలో గోషామహలునందు వేఱొక స్థలమున నూతనాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. రోగులకు వేఱుచోటు దొరకుటయే ప్రాతకట్టడమునకు రక్షయైనది. ఎఱ్ఱమంజిలున ప్రాణసంకటము లేదు. అక్కడి వివాద మొక సభామందిరమునకు స్థలమును గూర్చినది మాత్రమే.

ఇంక మీమాంసకుల మాట యొకటి. ఎఱ్ఱమంజిలు తీర్పు నిషేధమే కాని విధి కాదు. కూల్పవలదన్నదే కాని బాగుచేయుఁడని చెప్పలేదు. కూల్పఁబడని కట్టడము దానంతట నదియుఁ గూలఁగలదు. గోడల నెఱ్ఱెలలో రావిమొక్క మొలచి వేళ్లు దించును. పైకప్పుపై నిలిచిన వాననీరు గచ్చును నానఁజేయును. ఇట్టి గోడలు సున్నముతోఁ గట్టినవి; సిమెంటు పూసినచో లోని తేమ వెలికి రాలేక లోపలనే నిలిచి యిటుకను దినివేయును. కావునఁ బ్రాతపద్ధతిని గానుగసున్నమును నూఱి, బెల్లపునీరు, కరక్కాయరసము చేర్చి వాడఁగల పనివారు కావలయును. కుతుబ్‌షాహీ సమాధులకడ 2013 తరువాత జరిగిన పునరుద్ధరణమున నట్టి సున్నపుఁబనికే ప్రాధాన్య మిచ్చిరి. డంగుసున్నము, గచ్చు, గిలాబా మొదలగు నీ వృత్తిపదములు తాపీమేస్త్రుల నోటనే యున్నవి. వానిలోఁ బెక్కింటికి నిఘంటువులలోఁ జోటు లేదు.