భద్రపరచే కార్యాలయ పత్రాల్లో చిత్రాలు – నిల్వ స్థలం నిర్వహణ

1. పరిచయం

గత భాగంలో పత్రాలను ఫోల్డర్లుగా వర్గీకరించడం, వాటికి పేర్లు పెట్టడం తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ పత్రాల్లో ఉండే చిత్రాలు ఎంత స్థలం తీసుకుంటాయో, దాన్ని ఎలా తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో తెలుసుకుంటారు. ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. చిత్రంలోని వివరాన్ని తీసివేయడం క్షణం పని. తీసివేసిన వివరాన్ని తిరిగి తెచ్చుకోవడం సాధ్యం కాదు.

2. ఫైలు బరువు ఎక్కడుంది?

డీఓసీఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. ఈ ఆకృతి 2006లో ఎక్మా-376గా, 2008లో ఐఎస్ఓ/ఐఈసీ 29500గా ప్రమాణమైంది. మీరే పరిశీలించవచ్చు. ఒక ఫైలుకు నకలు తీసి, ఆ నకలు పేరు చివర ఉన్న డీఓసీఎక్స్‌ను జిప్‌గా మార్చి తెరవండి. లోపల ‘వర్డ్’ అనే ఫోల్డరు, అందులో ‘మీడియా’ అనే ఫోల్డరు కనిపిస్తాయి. ప్రధాన పాఠ్యం ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉంటుంది, చిత్రాలు మీడియా ఫోల్డరులో విడివిడిగా ఉంటాయి. లిబ్రే ఆఫీస్ వాడే ఓడీటీ ఫైలులో ఇవి ‘పిక్చర్స్’ ఫోల్డరులో ఉంటాయి. రెండింటి పరిమాణాలను పోల్చి చూస్తే బరువు ఎవరిదో తెలిసిపోతుంది.

పాఠ్యం జిప్‌లో బాగా కుదించుకుపోతుంది. జేపెగ్, పీఎన్‌జీ చిత్రాలు ముందే కుదించినవి కాబట్టి జిప్ వల్ల అవి దాదాపు తగ్గవు. అందుకే పాత పత్రాలను మళ్ళీ జిప్ చేసినా ఆశించిన స్థలం మిగలదు.

3. చిత్రం లెక్క

4000 × 3000 పిక్సెళ్ళ ఫొటోలో 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున, కుదించకముందు అది 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే సుమారు 36 మెగాబైట్లు. జేపెగ్ దాన్ని కొన్ని మెగాబైట్లకు తెస్తుంది.

ఆ ఫొటో మీ పేజీలో 6 అంగుళాల వెడల్పున ఉందనుకోండి. అంగుళానికి 220 పిక్సెళ్ళు చాలనుకుంటే కావలసింది 1320 × 990, అంటే సుమారు 13 లక్షల పిక్సెళ్ళు. ఇది అసలులో తొమ్మిదో వంతు. అదే 96 పిక్సెళ్ళకు తగ్గిస్తే 576 × 432 మాత్రమే మిగులుతాయి. ఇది అసలులో సుమారు నలభై ఎనిమిదో వంతు. ఫొటోలో మనిషి ముఖం గుర్తుపట్టడానికి ఇది సరిపోవచ్చు కాని, స్కాన్ చేసిన పేజీలోని అక్షరాలు చదవడానికి సరిపోదు.

ఈ పొరపాటు నేనే చేశాను. నేను పనిచేసిన విభాగంలో ఒకసారి డిస్కు నిండిపోతే, పాత సిద్ధాంత గ్రంథాల ఫైళ్ళన్నింటినీ 96కు కుదించమని చెప్పాను. స్థలం మిగిలింది, అందరం సంతోషించాం. కొన్నేళ్ళకు ఒక పరిశోధక విద్యార్థి వచ్చి ఒక గ్రంథంలోని పటంలో ఊళ్ళ పేర్లు కనిపించడం లేదన్నాడు. తెరమీద ఎంత పెద్దది చేసినా గళ్ళే తప్ప అక్షరాలు రాలేదు. అసలు స్కాన్లను అప్పటికే చెరిపేశాం. ఆ విద్యార్థికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

4. తగ్గించే పద్ధతి

వర్డ్‌లో చిత్రం మీద నొక్కితే ‘పిక్చర్ ఫార్మాట్’ ట్యాబు వస్తుంది. అందులో ‘కంప్రెస్ పిక్చర్స్’ ఎంచుకోండి. ఈ చిత్రానికి మాత్రమే అన్న గడిలో టిక్కు ఉంటే మిగతా చిత్రాలు మారవు. ఏ చిత్రానికి ఎంత అన్నది మీరే నిర్ణయించుకోవాలి కనుక, విలువైన పటాలున్న పత్రంలో ఆ టిక్కు ఉంచడమే మేలు.

మరొక సంగతి. సేవ్ చేసినప్పుడల్లా వర్డ్ తనంతట తానే చిత్రాలను తగ్గించే అమరిక ఉంటుంది. భద్రపరచవలసిన పత్రమైతే ఆప్షన్స్‌లోని ‘అడ్వాన్స్‌డ్’లో ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’ను ముందే ఎంచుకోండి.

చిత్రాన్ని పత్రంలో పెట్టకుండా లింకు ఇస్తే ఫైలు చిన్నదవుతుంది. కాని ఆ చిత్రం ఉన్న ఫోల్డరు మారితే పత్రంలో ఖాళీ గడే మిగులుతుంది. దీర్ఘకాలం దాచే పత్రానికి ఇది తగదు.

5. కత్తిరించినది పోయిందనుకోవద్దు

ఆధార్ కార్డు స్కాన్‌ను పత్రంలో పెట్టి, ‘క్రాప్’తో సంఖ్య ఉన్న భాగాన్ని కత్తిరించారనుకోండి. తెరమీద అది కనిపించదు. కాని ఆ భాగం ఫైలులోనే ఉంటుంది. ఎవరైనా ‘రీసెట్’ చేసి దాన్ని తిరిగి చూడగలరు. నల్లటి గడి పెట్టి కప్పినా ఇంతే, గడిని పక్కకు జరిపితే చాలు. అందువల్ల ‘కంప్రెస్ పిక్చర్స్’లో ‘డిలీట్ క్రాప్‌డ్ ఏరియాస్ ఆఫ్ పిక్చర్స్’ టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. అది స్థలానికీ, ఇతరుల గోప్యతకూ మంచిది.

6. పాటించవలసిన క్రమం

అ) అసలు చిత్రాలను, స్కాన్లను వేరే ఫోల్డరులో చెక్కుచెదరకుండా ఉంచండి.
ఆ) పత్రం నకలులోనే చిత్రాలను తగ్గించండి. అక్షరాలున్న స్కాన్లను అంగుళానికి 300 పిక్సెళ్ళ దగ్గర ఉంచడం మంచిది.
ఇ) తగ్గించాక అతి చిన్న అక్షరం ఉన్న చిత్రాన్ని పెద్దది చేసి చదవండి. చదవలేకపోతే నకలును వదిలి మళ్ళీ మొదలుపెట్టండి.
ఈ) డిజిటల్ సంతకం చేసిన పత్రాన్ని ముట్టుకోవద్దు. చిత్రం మార్చినా ఆ సంతకం చెల్లదు. తగ్గించవలసింది సంతకానికి ముందే.
ఉ) చివరగా పీడీఎఫ్/ఏ ప్రతి ఒకటి తీయండి. 2005లో ఐఎస్ఓ 19005గా మొదలైన ఈ ప్రమాణం ఫాంట్లను ఫైలులోనే ఉంచమంటుంది కనుక, మరో కంప్యూటరులోనూ తెలుగు అక్షరాలు చెదరవు.

7. సారాంశం

పత్రం బరువు ఎక్కువగా చిత్రాల్లోనే ఉంటుంది. పేజీలో చిత్రం కనిపించే కొలతను, దాన్ని చదవవలసిన అవసరాన్ని బట్టి ఎంత తగ్గించాలో నిర్ణయించాలి. డిస్కును మళ్ళీ కొనుక్కోవచ్చు, చెరిపేసిన స్కాన్ మళ్ళీ దొరకకపోవచ్చు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డీఓసీఎక్స్ ఫైలును మళ్ళీ జిప్ చేసినా పరిమాణం ఎందుకు పెద్దగా తగ్గదు?
2. 5 అంగుళాల వెడల్పున్న చిత్రానికి అంగుళానికి 150 పిక్సెళ్ళ చొప్పున వెడల్పులో ఎన్ని పిక్సెళ్ళు కావాలి?
3. మీ దగ్గరున్న ఒక పత్రం నకలును జిప్‌గా తెరిచి, అందులోని అతి పెద్ద చిత్రం పేరును, పరిమాణాన్ని రాయండి. దాన్ని తగ్గించవచ్చా? మీ కారణం చెప్పండి.