హెచింజర్ దుకాణాలు ఎందుకు మూతపడ్డాయి?

ఇటీవల మేము తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామ సంఘం మహాజన సభలో ఒక సభ్యుడు లేచి ఇట్లా అడిగాడు: "మన్సూరాబాద్ దారిలో సిమెంటు, ఇనుము, రేకుల దుకాణాలు జోరుగా నడుస్తున్నాయి సార్. పశువుల కొట్టం వేసుకోవాలన్నా అక్కడికే పోతున్నాం. సంఘం ఖాతాలో సొమ్ము ఉన్నది గదా, మనమే రెండు మూడు దుకాణాలు పెట్టరాదా?"

ప్రశ్న సబబైనదే. ఒకప్పుడు గ్రామమైన మన్సూరాబాద్, ఎల్.బి. నగర్ మునిసిపాలిటీతోపాటు 2007లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిసింది. కాలనీలు వెలసినచోట సిమెంటుకు, ఇసుకకు గిరాకీ ఉంటుంది. అయితే గిరాకీ ఒక్కటే దుకాణాన్ని నిలబెట్టదు. అమెరికాలో 88 సంవత్సరాలు నడిచి మూతపడిన హెచింజర్ దుకాణాల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనం.

పెరిగిన విధం

1911లో వాషింగ్టన్ నగరంలో సిడ్నీ హెచింజర్ అనే ఆయన ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. పాత ఇళ్ళు పడగొట్టి, వాటి కలప, తలుపులు, కిటికీలు అమ్మేవాడు. క్రమేణా కొత్త సామగ్రి కూడా అమ్మసాగాడు. ఆ దేశంలో ఇళ్ళు ఎక్కువగా కలపతో కడతారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సొంత ఇళ్ళు పెరిగాయి, చిన్న మరమ్మతులు ఇంటివారే చేసుకోసాగారు. కలప డిపోలు మేస్త్రీలను, కాంట్రాక్టర్లను చూసుకొని నడుస్తుండగా, హెచింజర్ వారు మామూలు గృహస్థును ఆదరించారు. నాలుగు మేకులు కావాలన్నా, ఒక చెక్క కావాలన్నా విసుగు లేకుండా ఇచ్చారు. దుకాణాలు పెరిగాయి. 1972లో కంపెనీ వాటాలను ప్రజలకు అమ్మారు.

తరిగిన విధం

1978లో హోమ్ డిపో అనే పోటీ సంస్థ పుట్టింది. గోదాముల వంటి పెద్ద దుకాణాలలో సరకు గుట్టలుగా పోసి తక్కువ ధరకు అమ్మడం దాని పద్ధతి. హెచింజర్ వారు కూడా 1988లో హోమ్ క్వార్టర్స్ అనే గోదాము తరహా సంస్థను కొన్నారు. అయినా 1990ల ఆరంభంలో హోమ్ డిపో వాషింగ్టన్ ప్రాంతానికే వచ్చేసరికి చిక్కులో పడ్డారు. ధర తగ్గిస్తే ఖర్చులు గిట్టవు, తగ్గించకపోతే గిరాకీ పోతుంది.

1997లో లియోనార్డ్ గ్రీన్ అనే పెట్టుబడి సంస్థ దీనిని కొని, బిల్డర్స్ స్క్వేర్ అనే మరో సంస్థతో కలిపింది. దుకాణాలు 200 పైచిలుకు అయ్యాయి. అయితే ఈ కొనుగోలు ఎక్కువగా అప్పుతో జరిగింది, ఆ భారం దుకాణాల మీదే పడింది. నష్టాలు చూసి సరకు పంపేవారు అరువు బిగించారు. 1999 జూన్‌లో సంస్థ దివాలా చట్టం కింద కోర్టుకు వెళ్ళింది. సెప్టెంబరులో మొత్తం మూసివేయడానికి నిర్ణయించారు.

అరువు ఆగితే ఏమవుతుంది?

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. దుకాణంలో 10 లక్షల సరకు ఉన్నది. అందులో సొంత సొమ్ము 2 లక్షలు, మిగిలిన 8 లక్షలు 30 రోజుల అరువు. సరకు అమ్మిన డబ్బుతో పాత బాకీ తీర్చి కొత్త సరకు తెస్తారు. ఒకనాడు సరఫరాదారులు "ఇకమీదట నగదు ఇస్తేనే సరకు" అంటే, పాత 8 లక్షలూ కట్టాలి, కొత్త సరకుకూ రొక్కం కావాలి. అంత డబ్బు చేతిలో ఉండదు. బీరువాలు ఖాళీ అవుతాయి, వచ్చినవారు తిరిగిపోతారు, అమ్మకం మరింత పడిపోతుంది.

మనకు అరువు ఇచ్చేది ఎవరు?

పొద్దున, సాయంత్రం పాలు పోసి, బిల్లు కోసం పదిహేను రోజులు ఆగే సభ్యుడే మన సంఘానికి అరువు ఇచ్చేవాడు. ఖాతాలో కనబడే సొమ్ములో చాలా భాగం అతనిదే. దానిని సిమెంటు బస్తాలలో పెడితే, బిల్లు రోజున బస్తాలు పంచలేము. రెండుసార్లు బిల్లు తప్పితే పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతాయి.

ఆ సభలో మేము ఖాతా పుస్తకం తెప్పించి, ఇవ్వవలసిన పాల బిల్లులు, దాణా బాకీ తీసివేసి చూపించాము. మిగిలినది ఒక దుకాణం అద్దెకు, అడ్వాన్సుకు కూడా చాలదు. అడిగిన సభ్యుడే "అయితే ముందు బిల్లులు సకాలానికి ఇయ్యండి" అని కూర్చున్నాడు.

ఏ సంఘమైనా కొత్త వ్యాపారం తలపెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు మినిట్సు పుస్తకంలో రాసుకోవాలని మనవి. బైలాలు అందుకు ఒప్పుతాయా? పెట్టే సొమ్ము సంఘానిదా, సభ్యుల పాల బిల్లుదా? ఆ సొమ్ము మొత్తం పోయినా పదిహేనో రోజున బిల్లు ఇవ్వగలమా? మూడవదానికి "ఇవ్వలేము" అని జవాబు వస్తే, ఆ తీర్మానం చేయకపోవడమే మేలు.