వాదమూ, ప్రమాణమూ

బొగ్గుగనులు మన ప్రాంతానికి వరమా, శాపమా? గోదావరిఖని, రామగుండం విద్యార్థికి ఈ విషయమిచ్చి వ్యాసం వ్రాయుమంటే కలం ఆగదు. బొగ్గు నల్లబంగారమని ఆరంభిస్తాడు. సింగరేణి తెలంగాణకు కొంగుబంగారమని కొనసాగిస్తాడు. కార్మికుల త్యాగం వెలకట్టలేనిదని ముగిస్తాడు. భాష బాగున్నది, భావమూ మంచిదే. కాని, గనులు శాపమని నమ్మినవాడు ఆ వ్యాసం చదివి తన అభిప్రాయాన్ని వెంట్రుకవాసి అయినా మార్చుకుంటాడా? మార్చుకొనడు. అందులో స్తుతి ఉన్నది గాని వాదం లేదు. వర్ణనకు అలంకారం ప్రాణం కావచ్చును. వాదానికి ప్రాణం ప్రమాణం.

ప్రమాణమంటే ఏమిటో మన పూర్వులు ఏనాడో విచారించినారు. గౌతముని న్యాయదర్శనం ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణాలను చెప్పినది. ఇంద్రియాలతో నేరుగా గ్రహించినది ప్రత్యక్షం. చూచిన గుర్తునుబట్టి చూడనిదానిని నిశ్చయించుట అనుమానం. ఇక్కడ ఆ మాటకు సందేహమని అర్థం కాదు. తెలిసినదాని పోలికతో తెలియనిదానిని గుర్తించుట ఉపమానం. విషయమెరిగి, ఉన్నదున్నట్లు పలికే ఆప్తుని మాట శబ్దం. బొగ్గును నల్లబంగారమనుట రూపకాలంకారమే గాని, ఈ నాలుగింటిలో ఏ ప్రమాణమూ కాదు.

ప్రమాణంతో వాదించుట ఎట్లో తెలిసికొనడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యమని, అనగా సున్న అని, ఒక పండితుడు వ్రాసినాడు. ఆ మాట ఇక్కడి సాహిత్యాభిమానుల మనస్సును నొప్పించినది. నొచ్చిన మనస్సు నుండి నిందావాక్యం వెలువడుట సులభం. కాని చరిత్రలో నిలిచిన సమాధానం వేరు. గోలకొండ పత్రికకు సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించినారు. అందులో 354 మంది కవుల పద్యాలున్నవి.

ఈ సమాధానంలోని తర్కాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించవలెను. 'ఒక్కడూ లేడు' అనే వాక్యాన్ని ఖండించడానికి తర్కరీత్యా ఒక్క కవి చాలును. మరి అంతమంది ఎందుకు? ఒక్కని చూపితే ప్రతివాది 'అది అపవాదం' అని తప్పించుకొనవచ్చును; వందలమందిని చూపితే ఆ దారి మూసుకొనిపోతుంది. రెండవది, కవిపేరు ప్రక్కన పద్యమున్నది. సందేహమున్నవాడు సంపాదకుని మాటను నమ్మవలసిన పనిలేదు. తానే చదివి చూచుకొనవచ్చును. మూడవది, ఆ సంఖ్య ఇక్కడ కవులున్నారని మాత్రమే స్థాపించినది. అందరూ మహాకవులని స్థాపించలేదు. ప్రమాణం ఎంతవరకు పోగలదో అంతవరకే వాదం పోవలెను. ఒక్క అడుగు ముందుకు వేసినా అది గొప్పలు చెప్పుకొనుట అవుతుంది.

ఇక మన గనుల వ్యాసానికి వత్తాము. 1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును గుర్తించినాడని, 1889లో అక్కడ తవ్వకం ప్రారంభమైనదని, 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు ఏర్పడినదని విద్యార్థులు కంఠస్థం చేసి వ్రాస్తారు. ఇవన్నీ సత్యాలే. అయితే గనులు వరమని గాని, శాపమని గాని వీటివల్ల తేలదు. సత్యమైన ప్రతి విషయమూ ప్రమాణం కాదు. సాధించదలచిన అంశంతో సంబంధమున్న సత్యమే ప్రమాణం. కనుక మొదట ప్రతిజ్ఞను స్పష్టం చేసికొనవలెను. వరమంటే ఎవరికి? గనిలో ఉద్యోగమున్న కుటుంబానికా? ఓపెన్‌కాస్టు కింద భూమి కోల్పోయిన రైతుకా? ఇద్దరినీ ఒక్క వాక్యంలో ఇమిడ్చిన ప్రతిజ్ఞకు ఎన్ని హేతువులిచ్చినా నిలువదు.

రెండవ చిక్కు కార్యకారణ సంబంధం. 'ఊరి ప్రక్కన ఓపెన్‌కాస్టు వచ్చినది, మా బావి ఎండినది. కనుక గనివల్లనే ఎండినది' అని ఒకడు వ్రాసినాడనుకొందము. అది నిజమే కావచ్చును. గనిలో ఊరే నీటిని తోడివేస్తే చుట్టుప్రక్కల భూగర్భజలం తగ్గుట సంభవమే. కాని కాకి వాలగానే తాటిపండు పడినదనే కాకతాళీయన్యాయం కూడా ఇట్లే ఉంటుంది. ఈ రెండింటిని వేరుచేసే ఉపాయం అన్వయవ్యతిరేకాలు: కారణమున్నచోట కార్యముండుట, లేనిచోట లేకుండుట. గనికి దగ్గరి బావుల నీటిమట్టం ముందెంత, తరువాత ఎంత? అంతే వాన కురిసి, అటువంటి నేలే ఉండి, గనికి దూరంగా ఉన్న ఊరిలో బావులెట్లున్నవి? అక్కడా ఎండితే కారణం అనావృష్టి కావచ్చును. అక్కడ నిండుగా ఉండి ఇక్కడ ఎండితే హేతువుకు బలం వచ్చినట్లే.

మూడవది ఆప్తవాక్యం. ముప్పది ఏండ్లు భూగర్భంలో పనిచేసి దిగిపోయిన తాత, గనిలోని ఉక్కను గురించి, పైకప్పును తట్టి శబ్దాన్నిబట్టి దాని పటుత్వం తెలిసికొనుటను గురించి చెబితే అది ఆప్తవాక్యమే. మండలమంతటి నీటిమట్టాన్ని గురించి ఆయన చెప్పినది మాత్రం పరీక్షించి గ్రహించవలసిన మాట. ఇది పెద్దలపట్ల అగౌరవం కాదు. ఒక విషయంలో ఆప్తుడైనవాడు అన్ని విషయాలలో ఆప్తుడు కానక్కరలేదు.

చివరిది పూర్వపక్షం. మన శాస్త్రకారులు ఎదుటివాని మతాన్ని ముందుగా, సమర్థంగా చెప్పి, ఆ పిమ్మట సిద్ధాంతం చెప్పేవారు. ప్రతిపక్షి చదివి 'నా మాట ఇదే' అని ఒప్పుకొనేటట్లు పూర్వపక్షాన్ని వ్రాయగలిగినవానికే దానిని ఖండించే అధికారమున్నది.

ఇదంతా మార్కులకోసం మాత్రమే కాదు. క్రొత్త గనికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుగుతుంది. నేడు తరగతిలో కూర్చున్న పిల్లలు రేపు ఆ సభలో లేచి మాట్లాడవలసినవారు. అక్కడ విశేషణాలు చప్పట్లు తెస్తాయి. చప్పట్లు ఆగిన తరువాత మిగిలేది ఆధారమే. ఉపాధ్యాయులు వ్యాసాలు దిద్దేటప్పుడు అక్షరదోషాలతోపాటు 'కనుక', 'కాబట్టి' అనే మాటల క్రింద కూడా ఎర్రగీత గీయుదురుగాక. ప్రతి గీత దగ్గర 'ఎట్లు తెలిసినది?' అని ప్రశ్నించుదురుగాక. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన విద్యార్థి వరమని వ్రాసినా, శాపమని వ్రాసినా మనం ఆదరించవలసినదే.