ఎల్లగీతకు అటూ ఇటూ

నెల్లూరు సీమ నుండి చెన్నపట్నం పోయే రైలు తడ స్టేషను దాటి ఆరంబాకం చేరేలోపల ఒక రాష్ట్రం విడిచి వేరొక రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. నేల మారదు, గాలి మారదు. అటూ ఇటూ రెండు భాషలూ వినబడుతూనే ఉంటవి. అయినా ఈ ఎల్లను గురించి తెలుగువారికీ తమిళులకూ సుమారు అర్ధశతాబ్దం వివాదం నడిచినది. రాజధానుల నుండి చూచి వ్రాసిన ఆ చరిత్ర మనకు తెలిసినదే. ఎల్లమీద నివసించేవారి కన్నులతో దానిని చూడడం ఈ ప్రసంగ ఉద్దేశము.

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిననాటికి తెలుగు జిల్లాలు తమిళ జిల్లాలతో కలిసి మద్రాసు రాజధానిలో ఉండెను. ప్రత్యేక రాష్ట్ర వాంఛ బలపడినకొద్దీ రెండు చిక్కులు ఎదురైనవి. మద్రాసు నగరం ఎవరిది? రెండు భాషలూ కలిసిపోయినచోట గీత ఎక్కడ గీయవలె? 1639లో దామెర్ల నాయకులు ఆంగ్ల వర్తకులకిచ్చిన భూమిలో వెలసిన పట్నం తమదేనని తెలుగువారు వాదించిరి. నగరవాసులలో అధికసంఖ్యాకులు తామే గదా యని తమిళులు బదులు చెప్పిరి. తిరుపతి దగ్గరకు వచ్చేసరికి ఈ వాదాలు తారుమారైనవి. మ. పొ. శివజ్ఞానం నాయకత్వాన సాగిన ఉద్యమం ప్రాచీన తమిళ సాహిత్యంలోని వేంగడపు ఎల్లను చూపగా, తెలుగువారు జనసంఖ్యను చూపిరి. అవసరాన్నిబట్టి చరిత్రనో సంఖ్యనో ఆశ్రయించడం ఉభయులకూ అలవాటైనది.

1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యగార్ల సంఘం ఆంధ్రులు మద్రాసుపై ఆశ వదులుకొనవలెనని చెప్పినది. పొట్టి శ్రీరాములుగారు అందుకు సమ్మతించలేదు. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజన ప్రవేశం కోసం 1946లో నిరాహారదీక్ష చేసినవారు ఆయనే. 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్ష పూని, 58వ రోజున, డిసెంబరు 15న, ప్రాణత్యాగం చేసిరి. నాలుగు రోజులకు నెహ్రూగారి ప్రకటన వెలువడినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినది; మద్రాసు నగరం మాత్రం అందులో చేరలేదు.

పట్నం మాట ముగిసినా పల్లెల తగవు మిగిలినది. దానిని తీర్చుటకు హెచ్.వి. పటాస్కర్‌గారు మధ్యవర్తి అయిరి. ఆయన గ్రామాన్ని కొలమానంగా తీసికొని, అందులో అధికసంఖ్యాకుల భాషను, భూభాగం ఎడతెగకుండుటను ప్రమాణాలుగా స్వీకరించిరి. సూత్రం న్యాయమైనదే. కాని నలువైపులా తమిళ గ్రామాలున్న తెలుగు గ్రామం అటే ఉండిపోవలె. తెలుగు గ్రామాల నడుమనున్న తమిళ గ్రామం ఇటే నిలువవలె. 1959లో పార్లమెంటు చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినది. తిరుత్తని తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయినది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరినది.

ఇటువంటి గీతలు ఇతర దేశాలలో ఎంత దుఃఖం తెచ్చినవో లోకమెరుగును. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ పాలస్తీనా విభజనను ఆమోదించినది. ఆ వెంటనే చెలరేగిన పోరాటంలో సుమారు ఏడు లక్షలమంది పాలస్తీనా అరబ్బులు ఇండ్లూ పొలాలూ కోల్పోయి శరణార్థులైరి. ఆ గాయం నేటికీ మానలేదు. ఇక్కడ అట్టిది జరుగలేదు. గీతకు ఇరువైపులా రాజ్యాంగం ఒకటే, పౌరసత్వం ఒకటే. పొలం గట్టు ఉన్నచోటనే ఉన్నది. కాని బడి భాష, కచేరీ భాష మారినవి. ఇల్లు కదలకుండానే మనిషి అల్పసంఖ్యాకుడైనాడు.

ఇట్టివారిని తలచియే 1956లో రాజ్యాంగానికి 350-ఎ అధికరణం చేర్చిరి. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించవలెనని అది రాష్ట్రాలకు చెప్పుచున్నది. ప్రయత్నం వేరు, ఫలం వేరు. తమిళనాడులో 2006 చట్టంచే పాఠశాలలలో తమిళం నిర్బంధ పాఠ్యాంశమైనది. అక్కడి తెలుగు కుటుంబాలకు బిడ్డ చదువును గురించిన దిగులు పెరిగినది. ఇటువైపు సత్యవేడు, నగరి ప్రాంతాల తమిళ కుటుంబాలకూ అట్టి దిగులు ఉండకపోదు. మనవారి బాధను చెప్పేవేళ వారి బాధను మరువరాదు. ఈ సీమ జీవితం తెలియగోరేవారు స. వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’ చదువవచ్చును.

ప్రళయకావేరి యనునది పులికాట్ సరస్సుకు తెలుగు పేరు. ఒడిశాలోని చిలక తరువాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు వేరొకటి లేదు. అందులో పెద్దభాగం ఆంధ్రదేశంలో ఉండగా, పులికాట్ పట్టణం వద్ద సముద్రంలో కలిసే దక్షిణ ముఖద్వారం తమిళనాడులో ఉన్నది. ఉత్తరాన రాయదొరువు వద్ద ఇసుక మేటలు వేయగా మనవైపు నీరు తగ్గినది. నీరు తగ్గితే చేప తగ్గును. చేపను వెదకుచు మన జాలరులు దక్షిణానికి పోవుదురు. ఆ ఒడ్డున తరతరాలుగా వంతులు వేసికొని వేటాడే కట్టుబాటు ఉన్నది; కొత్త పడవలు వస్తే వంతు చెడునని అచ్చటివారి భయము. అందుకే పలుమార్లు ఘర్షణలు జరిగినవి. నేలమీద గట్టు కనబడును గాని నీటిమీద గీత ఎవరికి కనబడును?

కలహించినవారు కలియలేరని అనుకొనవలదు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం వలన కృష్ణాజలం నెల్లూరు సీమలోని కండలేరు నుండి కాలువగుండా ఎల్ల దాటి 1996లో పూండి జలాశయం చేరినది. మాదని పోరాడి పొందలేకపోయిన పట్నానికి తెలుగువారు త్రాగునీరు పంపిరి. రాష్ట్రాలు కూర్చుండి నీటిని పంచుకొనగలిగినప్పుడు సరస్సును ఏల పంచుకొనలేవు? రెండు ఒడ్డుల జాలరి పెద్దలను ఒకచోట కూర్చుండబెట్టి, పూడిన ముఖద్వారాన్ని తెరచి, వేటకు వంతులు ఏర్పరచుట మొదటి మెట్టు. పటాస్కర్‌గారు గ్రామాన్ని కొలమానంగా తీసికొనిరి. ఈ సరస్సు విషయంలో మాత్రం దానిపై బ్రతికే మనిషినే కొలమానంగా తీసికొనవలెను.