మీ వార్డు నంబరు ఎంత?



పోయిన నెల ఆరో తరగతిలో స్థానిక ప్రభుత్వాల పాఠం మొదలుపెట్టే ముందు చిన్న క్విజ్ పెట్టాను. ఆస్ట్రేలియా రాజధాని ఏదంటే క్లాసంతా చేతులెత్తింది. మన రాష్ట్రానికి లోక్‌సభ సీట్లెన్ని అంటే సగం మంది చెప్పారు. "మీ ఇల్లు ఏ వార్డులో ఉంది? మీ సచివాలయం ఎక్కడుంది?" అని అడిగితే మాత్రం 36 మందిలో నలుగురే చేతులెత్తారు. ముందు బెంచీలో ఉన్న ఒక బాబు, "మీది ఏ వార్డు మిస్?" అన్నాడు. నాకూ తెలియదు. సాయంత్రం ఇంటికెళ్లి ఎదురింటి అక్కను అడిగి తెలుసుకున్నాను.

నవ్వొచ్చే విషయమే. కానీ ఆ వారంలోనే జరిగిన ఇంకొకటి నవ్వొచ్చేది కాదు.

మా క్లాసు పాప ఒకరు సాయంత్రం వ్యాను దిగి ఇంటికి నడిచి వెళ్తుంటే, మురికి కాలువ మీది బండ పగిలి కాలు లోపలికి దిగబడింది. మోకాలి కింద మూడు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, కోపాలు, సలహాలు వరసగా వచ్చాయి. "ఎవరైనా పట్టించుకోవాలి" అని చాలామంది రాశారు. నేను కూడా రాశాను. రెండు రోజుల తర్వాత గ్రూపులో పరీక్షల టైంటేబుల్ మీదికి మాట మళ్లింది. బండ అట్లే ఉంది. ఆ రెండు రోజుల్లో సచివాలయం గడప తొక్కినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

చివరికి వెళ్లింది ఆ పాప జేజి. ఆమెకు చదువు రాదు. అర్జీ రాయమని మనవరాలినే కూర్చోబెట్టింది. లీవ్ లెటర్ ఇంగ్లీషులో చూడకుండా రాసే పాప, తెలుగులో నాలుగు వాక్యాల అర్జీ దగ్గర ఆగిపోయింది. జేజి చెప్తుంటే తప్పులతోనే రాసిందట. మొదటిసారి వెళ్తే "చూస్తాం" అన్నారు. రెండోసారి వీధిలో 11 మంది సంతకాలు పెట్టించుకుని వెళ్లి, అర్జీని నమోదు చేయించి, నంబరున్న రసీదు అడిగి తెచ్చుకుంది. మొత్తం ఐదు వారాలకు కొత్త బండ పడింది. బండలకు పేరు పడిన జిల్లాలో ఒక్క బండకు ఐదు వారాలు! అయినా పడింది కదా. వీధి దీపం మాత్రం ఇంకా వెలగలేదు. దానికీ అర్జీ పెట్టి ఉంది.

జేజికి తెలిసినది, చదువుకున్న మనలో చాలామందికి తెలియనిది ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు తెలుసుకోవాల్సిన రెండు నంబర్లు

మొదటిది వార్డు నంబరు. 2021 మార్చి మున్సిపల్ ఎన్నికల నాటికి ప్రొద్దుటూరులో 41 వార్డులు, పులివెందులలో 33, జమ్మలమడుగు నగర పంచాయతీలో 20 ఉన్నాయి. మీ వీధి సమస్యను కౌన్సిల్‌లో ఎత్తాల్సింది మీ వార్డు కౌన్సిలర్. ఎన్నికైన కౌన్సిల్ లేని కాలంలో ఆ బాధ్యతలు ప్రత్యేకాధికారి చూస్తారు.

రెండోది సచివాలయం. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. పల్లెల్లో సుమారు 2 వేల మందికి ఒకటి, పట్టణాల్లో సుమారు 4 వేల మందికి ఒకటి లెక్కన రాష్ట్రమంతటా 15 వేలకు పైగా ఏర్పాటు చేశారు. వార్డు నంబరు, సచివాలయం నంబరు ఒకటే కానక్కర్లేదు. మీ ఇల్లు ఏ సచివాలయం కింద మ్యాప్ అయిందో అక్కడే అడిగి రాసి పెట్టుకోండి. ఆధార్ నంబరు చెబితే చూసి చెప్తారు.

ఏ పనికి ఎవరిని అడగాలి?

సచివాలయానికి వెళ్లి "కాలువ పొంగుతోంది సార్" అని మొదటి కుర్చీలో ఉన్నవారికి చెప్పి వచ్చేస్తే పని జరగకపోవచ్చు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పని.

కొళాయి నీళ్లు, రోడ్డు గుంతలు, కాలువ బండలు, వీధి దీపాలు: వార్డు అమెనిటీస్ సెక్రటరీ.

చెత్త బండి రాకపోవడం, కాలువలో పూడిక, దోమలు: శానిటేషన్ సెక్రటరీ.

ఇంటి ప్లాను, రోడ్డు ఆక్రమణలు: ప్లానింగ్ సెక్రటరీ.

టీకాలు, గర్భిణులు, బాలింతల ఆరోగ్యం: హెల్త్ సెక్రటరీ, అంటే మనం ఏఎన్‌ఎం అని పిలిచే అక్క.

మహిళలు, పిల్లల భద్రత: మహిళా పోలీస్.

కులం, ఆదాయం సర్టిఫికెట్ల విచారణ: వీఆర్వో లేదా వార్డు రెవెన్యూ సెక్రటరీ.

పల్లెల్లో పేర్లు కొంచెం మారతాయి. రోడ్లు, కాలువలకు ఇంజనీరింగ్ అసిస్టెంట్, దరఖాస్తులకు డిజిటల్ అసిస్టెంట్, అన్నిటినీ కలిపి చూసేది మనం పంచాయతీ కార్యదర్శి అని పిలిచే అధికారి. కొన్నిచోట్ల ఒకే ఉద్యోగి రెండు సచివాలయాల పని చూస్తుంటారు. ఏ రోజు ఎక్కడ ఉంటారో ముందే కనుక్కుంటే ఒక తిరుగుడు తప్పుతుంది. కరెంటు సమస్యయితే నేరుగా 1912కు ఫోన్ చేయవచ్చు.

సర్టిఫికెట్లకు, కొన్ని ఫిర్యాదులకు ఇప్పుడు ఫోన్ చాలు. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ నంబరు 95523 00009. మొదటి రోజే 161 సేవలతో ప్రారంభమైంది. మేము అడ్మిషన్ల సమయంలో "ఫలానా సర్టిఫికెట్ తెండి" అనగానే పరుగులు పెట్టే తల్లిదండ్రులకు ఇది చాలా ఉపయోగం.

అర్జీ ఎలా ఉండాలి?

మంచి అర్జీ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. సమస్య ఏమిటి? సరిగ్గా ఎక్కడ? ఎప్పటి నుంచి? ఏం చేయమని అడుగుతున్నాం? "మా కాలనీలో లైట్లు లేవు" అని రాస్తే అది బాధ చెప్పుకోవడం. "ఫలానా వీధిలో, ఫలానా నంబరు స్తంభానికి దీపం రెండు నెలలుగా వెలగడం లేదు, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే దారి, మార్చగలరు" అని రాస్తే అది పని చెప్పడం. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. ఫొటో జతచేయండి. నలుగురి సంతకాలుంటే మరీ మంచిది. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం రసీదు. నంబరు లేని అర్జీ ఎవరి లెక్కలోకీ రాదు. నంబరుంటే, అది ఎవరి దగ్గర ఆగిందో వెతకవచ్చు.

సచివాలయంలో పని కాకపోతే సోమవారం ఉంది. ప్రజా సమస్యల పరిష్కార వేదిక పేరుతో ప్రతి సోమవారం మండల, మున్సిపల్, డివిజన్, జిల్లా స్థాయిల్లో అర్జీలు తీసుకుంటారు. డివిజన్ స్థాయి అంటే ఆర్డీఓ కార్యాలయం. పులివెందుల వాళ్లకు అది సొంత ఊళ్లోనే ఉంది. ప్రొద్దుటూరు ఊరు పెద్దదైనా జమ్మలమడుగు డివిజన్ కిందికి వస్తుంది కాబట్టి మనం జమ్మలమడుగు వెళ్లాలి. జిల్లా స్థాయికి కడప కలెక్టరేట్. వెళ్లే తీరిక లేనివాళ్లు 1100కు ఫోన్ చేసి అర్జీ నమోదు చేయించవచ్చు, పాత అర్జీ సంగతీ తెలుసుకోవచ్చు. పని చేయకుండానే పరిష్కరించినట్టు చూపితే, మళ్లీ తెరవమని అడగవచ్చు.

అప్పటికీ జవాబు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. "నా అర్జీ మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు?" అని అడిగితే సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

పల్లెలో ఉన్నది, పట్టణంలో లేనిది

మన పిల్లల్లో చాలామంది రాజుపాళెం, చాపాడు, మైలవరం, పెద్దముడియం, వేంపల్లె, సింహాద్రిపురం మండలాల నుంచి వ్యానుల్లో వస్తారు. ఆ తల్లిదండ్రులకు ఒక విషయంలో పట్టణం వాళ్లకన్నా బలం ఎక్కువ. అదే గ్రామసభ.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం ఇచ్చింది. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఎవరూ నామినేట్ చేయనక్కర్లేదు, పిలుపు కోసం చూడనక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులపై తీర్మానాలు చేశారు. కానీ మామూలు రోజుల్లో సభకు పది మందే వస్తే, ఏ వీధికి సిమెంటు రోడ్డు ముందో ఆ పది మంది మాటే వినిపిస్తుంది. ఆ రోజు మీ వీధి నుంచి ఎవరూ లేకపోతే, మీ వీధి జాబితాలో లేకపోవడంలో వింత లేదు.

పట్టణాలకు అదే ఏడాది జూన్ 1న 74వ సవరణ అమల్లోకి వచ్చింది. నీటి సరఫరా, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు, జనన మరణాల నమోదు వంటి 18 అంశాల జాబితాను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. అయితే వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పింది 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. 2011 లెక్కల ప్రకారం మన మూడు ఊళ్లలో ఏదీ ఆ గీత దాటదు. అంటే పట్టణంలో ఉన్న మనకు, పల్లెవాళ్ల గ్రామసభలాగా రాజ్యాంగమే చోటిచ్చిన సభ లేదు. పదిమందిని మనమే కూడగట్టుకోవాలి.

అలా కూడితే ఏమవుతుందో చూపిన ఊళ్లున్నాయి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989 నుంచి పేటల వారీగా జనం కూర్చుని, నగర బడ్జెట్లో ఏ పని ముందు చేయాలో చర్చించి చెప్పడం మొదలైంది. మన దేశంలోనే కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం గ్రామసభల నుంచే పనుల జాబితాలు తయారు చేయించింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. 11 సంతకాలతో మొదలుపెట్టవచ్చు.

ఫీజుతో కొనలేనివి

ఇక మనసులో మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. మనలాంటి కుటుంబాలం సర్కారు సేవల నుంచి మెల్లగా పక్కకు తప్పుకున్నాం. కొళాయి నీళ్లు బాగాలేకపోతే క్యాను తెప్పించుకుంటాం. బడి నచ్చకపోతే ఫీజు కట్టే బడికి పంపుతాం. జ్వరమొస్తే ప్రైవేటు ఆస్పత్రికి పోతాం. అందుకే సచివాలయం ఎక్కడుందో తెలియకుండానే ఏళ్లు గడుస్తాయి. కానీ వ్యాను దిగిన చోటి నుంచి ఇంటి గడప వరకు ఉన్న రెండు వందల అడుగుల దారిని ఏ ఫీజుతోనూ కొనలేం. కాలువ, దీపం, దోమ, వీధి కుక్క అందరికీ ఒకటే.

పైగా ఆ ఫీజు కూడా మనం కట్టేశాం. ఇంటి పన్ను రసీదు ఒకసారి చూడండి. అందులో లైబ్రరీ సెస్ కూడా కలిసి ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేసే ఆ సెస్సు పన్నులో రూపాయికి 8 పైసలు. మన మూడు ఊళ్లలోనూ శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. డబ్బు కట్టి, పిల్లల్ని ఒక్కసారి కూడా తీసుకెళ్లని లైబ్రరీ అది.

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు మమ్మల్ని ఎలా అడుగుతారో నాకు తెలుసు. "పోయినసారి 42 వచ్చాయి, ఈసారి 35 ఎందుకు? మీరేం చేశారు? వచ్చే నెలకు ఏం చేస్తారు?" మీ ప్రశ్నలకు మేం సిద్ధపడి వస్తాం. అడుగుతారని తెలుసు కాబట్టే సిద్ధపడతాం. అదే గొంతుతో, అదే మర్యాదతో, చేతిలో కాగితం పెట్టుకుని సచివాలయంలో అడిగితే చాలు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది నా వయసువాళ్లే, నాలాగే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే. అరిచేవాళ్లకన్నా, నంబరు చెప్పి అడిగేవాళ్లకు జవాబు చెప్పడం వాళ్లకూ తేలిక.

ఈ నెల హోంవర్క్, ఇద్దరికీ

ఒక ఆదివారం సాయంత్రం పిల్లలతో వీధి చివరి వరకు నడవండి. పగిలిన బండలు, వెలగని దీపాలు, లీకయ్యే కొళాయిలు వాళ్లనే లెక్కపెట్టమనండి. అందులో ఒక్కటి ఎంచుకుని, పిల్లలతోనే తెలుగులో అర్జీ రాయించండి. తప్పులుంటే దిద్దండి, మీరే రాసి ఇవ్వొద్దు. వీలైతే వాళ్లను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లి, రసీదు వాళ్ల చేతికే ఇప్పించండి.

మా ఆరో తరగతి పిల్లలకు నేను ఇచ్చిన ప్రాజెక్టు కూడా ఇదే. మార్కులు రాత అందానికి కాదు, రసీదు నంబరుకు. నేనూ మా వీధి దీపం గురించి ఒకటి రాసి ఇచ్చాను. ముందు బెంచీ బాబు రోజూ అడుగుతున్నాడు, "మీ లైటు వెలిగిందా మిస్?" అని. ఇంకా లేదు. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాను.

— మీ పిల్లల సోషల్ టీచర్