కారుకు కొత్త కళ్ళు

రాత్రివేళ బస్సులో వెళ్ళేటప్పుడు మీరెప్పుడైనా డ్రైవరు వెనక సీటులో కూర్చున్నారా? కూర్చుంటే ఒక సంగతి గమనించే వుంటారు. చుట్టూ చిమ్మచీకటి. బస్సు దీపాల వెలుగు పడినంతమేర మాత్రమే లోకం వున్నట్టుంటుంది. చెట్లూ, మైలురాళ్ళూ, వంతెనలూ చీకట్లోంచి పుట్టుకొచ్చి మళ్ళీ చీకట్లోకే పోతూ వుంటాయి. ఇంతలో ఎదురుగా ఏదో కారు వస్తుంది. దాని దీపాలు సూటిగా కళ్ళలో కొడతాయి. క్షణంపాటు ఏమీ కనపడదు. "డిమ్ కొట్టడేం వీడు!" అని డ్రైవరు విసుక్కుంటాడు.

ఆ క్షణం ఖరీదు ఎంతో లెక్కకట్టి చూద్దాం. బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. సెకనుకు దాదాపు 17 మీటర్లు. డ్రైవరుకు మూడు సెకన్లపాటు కళ్ళు చెదిరితే బస్సు 50 మీటర్ల దూరం గుడ్డిగా పోయిందన్నమాట! ఆ 50 మీటర్లలో రోడ్డు వారన నడిచిపోయే ముసలాయన వుండవచ్చు. వెనక దీపం లేని సైకిలు వుండవచ్చు. తాడు తెంచుకుని వచ్చిన గేదె వుండవచ్చు.

అందుచేత కారు దీపం చేయవలసిన పనులు రెండు. మొదటిది మనకు దారి చూపటం. రెండవది ఎదుటివాడి దారి మూసివేయకుండా వుండటం. మొదటి పని సంగతి అందరికీ గుర్తుంటుంది. రెండవదాన్ని మరచిపోతేనే చిక్కులు వస్తాయి.

మోటారు కార్లు కొత్తగా వచ్చినప్పుడు వాటికి విద్యుద్దీపాలు లేవు. చాలా కార్లకు కార్బైడు దీపాలుండేవి. కార్బైడు మీద నీరు చుక్కచుక్కగా పడితే అసిటిలీన్ అనే వాయువు పుడుతుంది. దాన్ని అగ్గిపుల్లతో వెలిగించుకునేవారు. 1912 లో అమెరికాలోని కాడిలాక్ కంపెనీ తన కార్లకు విద్యుత్తుతో వెలిగే దీపాలనూ, విద్యుత్తుతో ఇంజను స్టార్టు చేసే ఏర్పాటునూ కలిపి అమర్చింది. తరువాత 1940 కార్లతో ఆ దేశంలో "సీల్డ్ బీమ్" దీపాలు వచ్చాయి. వీటిలో ఫిలమెంటూ, దాని వెనక అద్దమూ, ముందు గాజూ అన్నీ ఒకటిగా అతికి వుంటాయి. దీపం మాడిపోతే మొత్తం తీసేసి కొత్తది బిగించవలసిందే. యూరపులో 1962 లో హాలొజన్ బల్బు కార్లకెక్కింది. 1991 లో జర్మనీ కార్లలో ఫిలమెంటే లేని క్సెనాన్ దీపాలు వెలిగాయి. ఇప్పుడు కొత్త కార్లలో చాలావాటికి ఎల్.ఇ.డి. దీపాలు వస్తున్నాయి.

ఇన్ని రకాలు మారినా దీపం వెనకవున్న కిటుకు మాత్రం ఒక్కటే. బల్బు తనంతట తాను వెలుగును అన్ని పక్కలకూ చిమ్ముతుంది. ఆ వెలుగును పోగుచేసి రోడ్డు మీదికి పంపాలి. ఈ పనిని చాలా దీపాలలో బల్బు వెనకవున్న గిన్నెలాంటి అద్దం చేస్తుంది. ఈ అద్దానికి "నాభి" అనే చోటు ఒకటి వుంటుంది. వెలుగు సరిగ్గా అక్కడ పుడితేనే కిరణాలన్నీ బారులుతీరి ముందుకు పోతాయి. మీ ఇంట్లో తల తిప్పితే వెలుగు చిన్నదీ పెద్దదీ అయ్యే టార్చిలైటు వుంటే గోడమీద వెలుగు వేసి తిప్పి చూడండి. బల్బు అదే, బ్యాటరీ అదే. అయినా తల కాస్త తిరిగేసరికి చిన్నగా, ప్రకాశంగా వున్న వెలుగు చెదిరి పెద్దదై వెలవెలపోతుంది. దీపంలో బల్బు కూర్చునే చోటుకు అంత విలువ వున్నది!

చాలా కార్లలో, మోటారు సైకిళ్ళలో కనపడే హెచ్-4 అనే హాలొజన్ బల్బును చూడండి. ఇది 1971 లో వచ్చింది. దీనిలో రెండు ఫిలమెంట్లుంటాయి. ఒకటి 60 వాట్లది. అది సరిగ్గా నాభిలో వుండి దూరానికి వెలుగు వేస్తుంది. రెండవది 55 వాట్లది. అది నాభికి కొంచెం ముందుంటుంది. దాని కింద చిన్న రేకు దొప్ప వుంటుంది. డిమ్ కొట్టినప్పుడు ఈ రెండవ ఫిలమెంటు వెలుగుతుంది. దాని వెలుగు కిందికి పోకుండా దొప్ప అడ్డుపడుతుంది. పైకి పోయిన వెలుగు అద్దం పైభాగానికి తగిలి, అక్కడినుంచి కిందికి వంగి రోడ్డుమీద పడుతుంది. అంచేత ఎదుటివాడి కళ్ళలోకి పోదు.

లారీల వెనక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసి వుండటం మీరు చదివే వుంటారు. ఆ మాటలు చెప్పే డిప్పరు ఇదే.

ఇప్పుడు మీ మామయ్యకు ఒక పాత అంబాసిడర్ కారు వున్నదనుకోండి. అంబాసిడర్ కార్ల తయారీ 2014 లో ఆగిపోయింది. కాని వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంకా వున్నారు. వాటి ముందు రెండు గుండ్రని దీపాలు, 7 అంగుళాల వెడల్పువి, పెద్ద కళ్ళలాగా వుంటాయి. మీ మామయ్య కారు దీపాలు మాత్రం మసక కళ్ళ ముసలివాడిలా వున్నాయి. రాత్రి ప్రయాణం అంటే ఆయనకు భయం. "ఈ దీపాలు మార్చేస్తాను," అని ఆయన బజారుకు బయలుదేరాడు.

బజారులో దీపాలకేం కొదవ? మొదట ఆయన 100 వాట్ల బల్బులు తెచ్చి పెట్టాడు. "55 ఎక్కడ, 100 ఎక్కడ!" అనుకున్నాడు. తీరా వెలిగిస్తే ఆయన ఆశపడ్డంత వెలుగు రాలేదు. పైగా కాసేపటికి కాలిన వాసన వేసింది. బల్బు వెనక ప్లాస్టిక్ హోల్డరు మెత్తబడిపోయింది.

ఆ బల్బులు తీసేసి, ఈసారి హాలొజన్ బల్బు చోటున దూర్చే ఎల్.ఇ.డి. బల్బులు కొన్నాడు. వెలుగు పాలలాగా తెల్లగా వచ్చింది. కారు ముందు నేల పట్టపగలులా వున్నది. మీ మామయ్య పొంగిపోయాడు. కాని ఆ రాత్రి రోడ్డెక్కగానే ఎదురుగా వచ్చిన ప్రతి లారీవాడూ దీపాలు టపటపా కొట్టి తిట్టిపోశాడు. ఆయన డిమ్ లోనే వున్నాడు! ఇంకొక వింత ఏమంటే, దూరాన వున్న మలుపు ఆయనకు మునుపటికన్న చక్కగా ఏమీ కనపడలేదు.

మర్నాడు ఆయన తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకున్నాడు.

"బల్బులు మార్చారు గాని జబ్బేమిటో చూడలేదు, సార్," అన్నాడు మెకానిక్. అతను పాత బల్బులు మళ్ళీ పెట్టి, ఇంజను స్టార్టు చేసి, దీపాలు వేసి, మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర 13 వోల్టులున్నాయి. బల్బు దగ్గర చూస్తే 11.7 మాత్రమే వున్నాయి. పదోవంతు దారిలోనే పోయింది!

"పదోవంతే గదా!" అన్నాడు మీ మామయ్య.

ఇక్కడే వున్నది తమాషా. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదోవంతు తగ్గితే వెలుగు పదోవంతుతో పోదు. నూటికి 30 వంతులు తగ్గిపోతుంది. పాత కార్లలో విద్యుత్తు బ్యాటరీనుంచి డ్రైవరు ముందున్న స్విచ్చికీ, అక్కడినుంచి డిప్పరు స్విచ్చికీ, అక్కడినుంచి దీపాలకూ, సన్నని తీగల్లో అంతదూరం చుట్టి పోతుంది. ప్రతి అతుకు దగ్గరా తుప్పూ, మురికీ. సన్నని గొట్టంలో నీరు ఎంత తోసినా సన్నగానే వస్తుంది గదా, ఇదీ అంతే.

100 వాట్ల బల్బు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో వస్తుంది. రెండు 55 వాట్ల బల్బులకు 12 వోల్టుల దగ్గర సుమారు 9 ఆంపియర్లు చాలు. రెండు 100 వాట్ల బల్బులకు దాదాపు 17 కావాలి. అదే సన్నని తీగలో అంత విద్యుత్తు పోయేసరికి దారిలో నష్టం ఇంకా పెరుగుతుంది. ఆ నష్టమంతా వేడిగా మారి తీగలనూ, హోల్డరునూ కాలుస్తుంది. కార్లు తగలబడటానికి ఇలాంటి పనులు కూడా ఒక కారణం.

మరి ఎల్.ఇ.డి. చేసిన తప్పేమిటి? ఎల్.ఇ.డి. చెడ్డది కాదు. దానికోసమే తయారైన దీపంలో అది చక్కగా పనిచేస్తుంది. కాని ఈ పాత అద్దం, సన్నని ఫిలమెంటు చుట్టలోంచి వచ్చే వెలుగుకోసం లెక్కకట్టి చేసినది. ఎల్.ఇ.డి. బిళ్ళలు తమ ముందువైపుకే వెలుగు చిమ్ముతాయి. అవి ఫిలమెంటు వుండవలసిన చోటుకు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా అద్దం మోసపోతుంది. వెలుగు పోగూడని చోటికి, అంటే ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. ఇక దగ్గర నేల మరీ ప్రకాశంగా వుంటే మన కంటిపాప ముడుచుకుంటుంది. అందువల్ల దూరాన వున్న చీకటి మరింత చీకటిగా కనపడుతుంది. అందుకే మీ మామయ్యకు మలుపు కనపడలేదు. అసలు జర్మనీలో 2020 నుంచి ఇటువంటి ఎల్.ఇ.డి. బల్బులు కొన్నిటిని అనుమతించారు గాని, వాటిని పరీక్షచేసి, సరిపోయాయని తేలిన కార్ల మోడళ్ళకు మాత్రమే!

"అయితే ఏం చేద్దాం?" అన్నాడు మీ మామయ్య.

మెకానిక్ ముందు తీగల పని పట్టాడు. బ్యాటరీ నుంచి దీపాలకు దగ్గరి దారిన లావు తీగలు వేసి, మధ్యలో ఫ్యూజులూ, రిలేలూ పెట్టాడు. రిలే అంటే ఏమిటో తెలుసా? ఊళ్ళో పెత్తందారు మూటలు తాను మోయడు. అరుగుమీద కూర్చుని ఒక్క కేక వేస్తాడు, మోసేవాళ్ళు మోస్తారు. అలాగే డ్రైవరు ముందున్న స్విచ్చి ఇప్పుడు కొద్దిపాటి విద్యుత్తునే పంపుతుంది. దానితో రిలేలోని చిన్న అయస్కాంతం పనిచేసి, పెద్ద విద్యుత్తుకు దారి తెరుస్తుంది.

తరువాత అద్దాలు చూశాడు. వాటి తళతళ పోయి మచ్చలు పడ్డాయి. అటువంటి అద్దాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. 7 అంగుళాల కొలతకే, హెచ్-4 బల్బుకోసమే చేసిన కొత్త దీపాలు రెండు తెప్పించాడు. కొనేముందు మరొక సంగతి కూడా చూశాడు. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమపక్కన నడుస్తాయి. కాబట్టి డిమ్ లో వెలుగు ఎడమపక్క, నడిచేవాళ్ళు కనపడేలా కొంచెం పైకి లేవాలి. కుడిపక్క అణిగి వుండాలి. అమెరికా వంటి దేశాలలో బండ్లు కుడిపక్కన నడుస్తాయి. అక్కడికోసం చేసిన దీపం ఇక్కడ పెడితే లేచిన వెలుగు తిన్నగా ఎదుటివాడికి తగులుతుంది. ఇక బల్బులు మాత్రం మామూలు 60/55 వాట్లవే పెట్టాడు. పెట్టేటప్పుడు గాజును వేళ్ళతో ముట్టుకోలేదు. వేలి జిడ్డు అంటుకుంటే అక్కడ గాజు మరీ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

పని ఇంతటితో అయిపోలేదు. చీకటిపడ్డాక కారును చదునైన చోట, గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపాడు. దీపం నడిమి ఎత్తు ఎంతో గోడమీద సుద్దతో గీశాడు. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కిందుగా వుండేలాగా దీపాల మరలు తిప్పాడు. ఎందుకంటారా? 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగే వెలుగు, 70 సెంటీమీటర్ల ఎత్తున వున్న దీపంనుంచి బయలుదేరి, 70 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. దీపం అర డిగ్రీకి పైచిలుకు పైకి లేచిందంటే చాలు, ఆ వెలుగు నేలను తాకనే తాకదు. కారు వెనక డిక్కీలో బియ్యం బస్తాలు వేసినా ముందు భాగం లేచి ఇంతపనీ జరుగుతుంది!

ఆ రాత్రి మీ మామయ్య మళ్ళీ రోడ్డెక్కాడు. దూరాన మైలురాయి మీది అంకె కనపడింది. ఎదురుగా లారీ వచ్చింది. ఆయన డిమ్ కొట్టాడు. లారీవాడూ డిమ్ కొట్టాడు. ఇద్దరికీ మధ్య రోడ్డువారన సైకిలు మీద ఒకతను పోతున్నాడు. అతను ఇద్దరికీ కనపడ్డాడు. ఎవరిదారిన వాళ్ళు క్షేమంగా పోయారు.

ఎదుటివారి కళ్ళు చెదరగొట్టేలా దీపాలు వుండగూడదని మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. కాని నిబంధనలకన్న పెద్ద కారణం ఒకటున్నది. మన దీపంవల్ల కళ్ళు చెదిరినవాడు మనవైపే వస్తున్నాడు! అతనికి దారి కనపడటంలోనే మన క్షేమమూ వున్నది.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా కారుకో, మోటారు సైకిలుకో కొత్త దీపాలు పెడతానంటే, "ఎన్ని వాట్లు?" అని అడగకండి. "వెలుగు ఎక్కడ పడుతుంది?" అని అడగండి. సుద్దముక్క పట్టుకుని గోడ దగ్గరికి మీరే తీసుకుపోండి.